కోసిన పూలు వారం నిలవాలంటే: పూలబజారు నుంచి ఇంటి వాజ్ దాకా

కొన్న రోజు నిటారుగా నిలబడ్డ గులాబీ మూడో రోజుకే మెడ వాల్చేస్తే, పువ్వు పాతదై ఉంటుందని అనుకుంటాం. చాలాసార్లు తప్పు పువ్వుది కాదు. అది దాహంతో వాలిపోతుంది. వాజ్ నిండా నీళ్లున్నా పైకి ఎక్కడం లేదు, ఎందుకంటే కాడ చివర మూసుకుపోయింది.

మూసుకుపోవడానికి రెండు దారులున్నాయి. కోసిన కాడ గాల్లో ఉంటే, నీళ్లు పీల్చే సన్నని నాళాల్లోకి గాలి బుడగ దూరుతుంది. ఆ తర్వాత వాజ్ నీళ్లలో పుట్టే బ్యాక్టీరియా కాడ చివర జిగురులా పట్టేస్తుంది. రెండు రోజులు నీళ్లు మార్చని వాజ్‌లోంచి కాడ తీసి చివర వేళ్లతో రుద్ది చూడండి, జారుడుగా తగిలేది అదే. కింద చెప్పే పనుల్లో చాలా వరకు ఆ చివరను తెరిచి ఉంచడం కోసమే.

1. బజారుకు వెళ్లే ముందే ఇంట్లో సిద్ధం చేయాల్సినవి

పూలు తెచ్చాక బకెట్ వెతకడం మొదలుపెడితే అరగంట పోతుంది. ఆ అరగంటలో కాడ ఎండిపోతుంది. అందుకే ముందు ఇల్లు సర్దుకోండి.

- రెండు బకెట్లు. ఒకటి లోతుగా (గులాబీ, లిల్లీ, గ్లాడియోలస్ కోసం), ఒకటి వెడల్పుగా (జెర్బెరా కోసం).
- పదునైన కత్తి లేదా తోటపని కత్తెర. కాగితాలు కోసే కత్తెర కాడను నలిపేస్తుంది, దాన్ని ముట్టుకోవద్దు.
- పాత దినపత్రికలు, శుభ్రమైన నూలు గుడ్డ.
- పంచదార, నిమ్మకాయ, సువాసనా సబ్బూ కలవని సాదా బ్లీచ్ ద్రవం.
- కొలతకు చెంచా (5 మి.లీ.), దగ్గు మందు సీసాతో వచ్చే చిన్న కొలమూత.

బకెట్‌ను, వాజ్‌ను సబ్బుతో తోమండి. తర్వాత లీటరు నీళ్లకు 10 మి.లీ. బ్లీచ్ కలిపి పోసి, పది నిమిషాలు ఉంచి బాగా కడగండి. సన్నమూతి వాజ్ లోపల పోయినసారి జిడ్డు మిగిలి ఉంటుంది. గుప్పెడు బియ్యం, కాస్త సబ్బునీళ్లు వేసి గిలకొడితే పోతుంది. ఇందులో ఒక్క చెంబుడు పాత నీళ్లు మిగిలినా కొత్త పూలకు తొలి రోజే బ్యాక్టీరియా పట్టిస్తున్నట్టే.

2. ఏ కాలంలో ఏ పువ్వు అడగాలి

కాలంలో దొరికే పువ్వు దగ్గరి తోటల నుంచి వస్తుంది, నిన్న కోసినదై ఉంటుంది. కాలం కాని పువ్వు దూరం నుంచో, శీతల గిడ్డంగి నుంచో వస్తుంది. అది ఇంట్లో రెండు రోజులు తక్కువే నిలుస్తుంది.

మన ప్రాంతంలో ఇలా చూసుకోండి:

- ఫాల్గుణం నుంచి జ్యేష్ఠం దాకా: మల్లె. ఎండ ముదిరేకొద్దీ మొగ్గ గట్టిగా, వాసన ఘాటుగా వస్తుంది.
- వానాకాలం: జాజి, లిల్లీ, తామర. శ్రావణంలో తామరకు గిరాకీ బాగా పెరుగుతుంది.
- భాద్రపదం చివర నుంచి దీపావళి: బంతి. తెలంగాణలో బతుకమ్మకు గునుగు, తంగేడు.
- కార్తీకం నుంచి మాఘం: చామంతి, ఆస్టర్, గ్లాడియోలస్, డిసెంబరాలు, కాగడా మల్లె.

పాలీహౌస్‌లో, అంటే ప్లాస్టిక్ కప్పు కింద పెంచే గులాబీ, జెర్బెరా, కార్నేషన్ ఏడాదంతా దొరుకుతాయి. ఇవి ఎక్కువగా బెంగళూరు, హోసూరు వైపు నుంచి వస్తాయి. నడి వేసవిలో ఇవి ప్రయాణంలోనే సగం బలం కోల్పోతాయి. ఏప్రిల్, మే నెలల్లో ఇంట్లో వాజ్ పెట్టాలనుకుంటే లిల్లీ కాడలో, ఆకుల అమరికో మేలని మా సలహా.

పండగ ముందురోజు ధర రెట్టింపు ఉంటుంది, సరుకు ఏరుకునే వీలూ ఉండదు. చామంతి, కనకాంబరం, లిల్లీ కాడ రెండు రోజుల ముందు కొన్నా నిలుస్తాయి. మల్లె, తామర, తంగేడు మాత్రం అదే రోజుకు ఉంచుకోండి.

3. బజార్లో చేత్తో చూసి కొనడం

హైదరాబాద్‌లో గుడిమల్కాపూర్ అయినా, గోదావరి జిల్లాల్లో కడియపులంక అయినా, తెల్లవారుజామున వెళ్లినవాళ్లకే మంచి సరుకు. తొమ్మిది దాటాక మిగిలేది ఏరగా మిగిలిందే.

కంటికి అందంగా కనబడేది పూర్తిగా విచ్చుకున్న పువ్వు. ఇంటికి తీసుకెళ్లాల్సింది అది కాదు. కానీ మరీ బిగుసుకున్న మొగ్గ కూడా వద్దు. చాలా పూలు పచ్చిగా కోస్తే ఇంట్లో విచ్చుకోకుండానే వాడిపోతాయి.

గులాబీ. మొగ్గను బొటనవేలు, చూపుడువేలు మధ్య మెల్లగా నొక్కండి. గట్టిగా, కాస్త స్పాంజిలా ఉండాలి. మెత్తగా లోపలికి నొక్కుకుపోతే పాతది. బయటి రేకులు ఒకటి రెండు అప్పుడే విడుతుండాలి. బయటి రేకు నల్లగా నలిగి ఉంటే కంగారు పడొద్దు, అది మొగ్గను కాపాడే రేకు, ఇంట్లో తీసేయవచ్చు. చూడాల్సింది పువ్వు కింద మెడ. అక్కడ కాడ సన్నగా, మెత్తగా ఉంటే ఆ కట్ట వదిలేయండి. డచ్ గులాబీ సాధారణంగా ఇరవై కాడల కట్టగా వస్తుంది. కట్ట మధ్యలో కాగితం పక్కకు లాగి లోపలి పూలు కూడా చూడండి.

లిల్లీ. మన బజార్లో లిల్లీ అంటే నేలసంపెంగ, ఉత్తరాదివాళ్ల రజనీగంధ. పూలదుకాణంలో లిలియం అనేది వేరే పువ్వు, దుంప నుంచి వచ్చే పెద్ద పువ్వు. ఈ రెండూ కలగాపులగం చేసి ఆర్డరిచ్చి మండపంలో గొడవ పడేవాళ్లున్నారు. నేలసంపెంగలో ఒంటిరేకుది దండలకు, ముద్దది వాజ్‌కు. ప్రజ్వల్, శృంగార్ ఒంటిరేకు రకాలు. సువాసిని, వైభవ్ ముద్ద రకాలు. కాడ కింది రెండు మూడు పూలు విచ్చుకుని, పైన మొగ్గలు ఆకుపచ్చ నుంచి తెల్లబడుతుంటే సరైన అదను.

జెర్బెరా. పువ్వు మధ్య బొడ్డు చూడండి. చుట్టూ ఒకటి రెండు వరుసల్లో పసుపు పుప్పొడి కనబడాలి. అసలు పుప్పొడి లేకపోతే పచ్చిగా కోశారు, మెడ విరుగుతుంది. బొడ్డంతా పుప్పొడి నిండితే ముదిరింది.

చామంతి. పువ్వును తిప్పి వెనక చూడండి. అడుగు రేకులు గోధుమరంగు తిరిగితే పాతది. ఆకులు పసుపు పచ్చబడినా పాతదే. చామంతిలో పువ్వు కంటే ముందు ఆకు చెబుతుంది.

బంతి. ఇక్కడే ఎక్కువమంది మోసపోతారు. వానలో తడిసిన బంతి పైకి నిండుగా కనబడుతుంది. పువ్వు అడుగున ఆకుపచ్చ గిన్నెను నొక్కండి. నీళ్లు ఊరితే, జిగటగా తగిలితే రేపటికి కుళ్లుతుంది. గిన్నె గట్టిగా, పొడిగా ఉండాలి. బుట్టలో పైపై పూలు కాదు, చెయ్యి అడుగుకు పోనిచ్చి చూడండి. లోపల వేడి తగిలితే ఆ బుట్ట కొనవద్దు, పూలు ఉడుకెత్తాయి.

గ్లాడియోలస్. కింది మొగ్గలు ఒకటి నుంచి మూడు రంగు చూపితే చాలు.

తామర. మొగ్గ గట్టిగా, కొన మూసి ఉండాలి. రేకు అంచు నల్లబడితే వద్దు. తామర కోశాక తనంతట తాను విచ్చుకోవడం అరుదు, అందుకే రేకులు మడుస్తాం.

అన్నిటికీ ఒకే పరీక్ష: కాడ చివర వాసన చూడండి. కుళ్లు వాసన ఉంటే అది దుకాణంలో రెండు రోజులు మురికి నీళ్లలో ఉన్న సరుకు.

4. ఇంటికి తెచ్చే దారిలో

కట్టను తడి కాగితంలో చుట్టి, కాడల చివర తడిగుడ్డ కట్టండి. పువ్వు తలలపై నీళ్లు చల్లి పాలిథిన్ సంచిలో మూయవద్దు, ఆవిరికి బూజు వస్తుంది.

బండి హ్యాండిల్‌కు తలకిందులుగా వేలాడదీసి ఎండలో తెస్తే, పువ్వు ఒక్క ప్రయాణంలోనే రెండు రోజుల ఆయుష్షు పోగొట్టుకుంటుంది. కారు డిక్కీ మే నెలలో పొయ్యి లాంటిది. పూలు మీ కాళ్ల దగ్గర పెట్టుకోండి. మామిడిపళ్ల సంచి పక్కన అసలే వద్దు, కారణం కింద చెబుతాం.

గ్లాడియోలస్ మాత్రం నిలబెట్టే తేవాలి. పడుకోబెడితే గంటల్లో కొన పైకి వంగుతుంది, మళ్లీ సరిచేయలేం.

5. మొదటి గంట

ఫలితం తేలేది ఈ గంటలోనే. వరస తప్పించకండి.

1. కట్టకున్న రబ్బరు బ్యాండ్, ప్లాస్టిక్ తీసేయండి. గులాబీ చుట్టూ అట్ట కాగితం ఉంటే ఉంచండి, నీళ్లు తాగేదాకా మెడను నిలబెడుతుంది.
2. నీళ్లలో మునిగే భాగంలో ఒక్క ఆకు ఉండకూడదు. మునిగిన ఆకు ఒక రాత్రిలో కుళ్లుతుంది. నీటిపైన మాత్రం కొన్ని ఆకులు ఉంచండి, నీళ్లు పైకి లాగేవి అవే.
3. గులాబీ ముళ్లు నీళ్లలో మునిగే చోటే తీయండి. గోకి గోకి తోలు ఊడగొడితే ఆ గాట్లలోంచి బ్యాక్టీరియా లోపలికి పోతుంది.
4. బేసిన్‌లో నీళ్లు పోసి, కాడ చివర నీళ్లలో ఉండగానే రెండు మూడు సెంటీమీటర్లు ఏటవాలుగా కోయండి. నీళ్లలో కోస్తే గాలి బుడగ దూరదు. ఏటవాలు కోత వల్ల కాడ వాజ్ అడుగుకు అతుక్కుపోదు.
5. వెంటనే లోతైన బకెట్‌లోకి మార్చండి. నీళ్లు గోరువెచ్చగా, చేతికి హాయిగా తగిలేంత ఉండాలి. చల్లటి నీళ్ల కంటే వేగంగా ఎక్కుతాయి.
6. రెండు మూడు గంటలు చీకటిగా, చల్లగా ఉన్న గదిలో ఉంచండి. ఆ తర్వాతే వాజ్‌లో అమర్చండి.

వేసవిలో ఒక జాగ్రత్త. డాబామీది ట్యాంకు నీళ్లు మధ్యాహ్నం కుళాయి తిప్పగానే చురుక్కుమంటాయి, అవి కాడను ఉడకబెడతాయి. పొద్దున్నే పట్టి పెట్టుకున్న నీళ్లు వాడండి.

పాలు కారే కాడలు (దేవగన్నేరు, పాయిన్‌సెట్టియా లాంటివి) కోసిన చోట పాలు గడ్డకట్టి దారి మూస్తాయి. కోయగానే చివర ఒక అంగుళం వేడినీళ్లలో పది, ఇరవై సెకన్లు ముంచి, తర్వాత మామూలు నీళ్లలో పెట్టండి. ఆ పాలు కంటికి, చర్మానికి తగలకుండా చూసుకోండి.

6. వాజ్‌లో ఏ నీళ్లు, ఏం కలపాలి

ఒక లీటరు నీళ్లకు:

- పంచదార 2 చెంచాలు (సుమారు 10 గ్రాములు): మొగ్గ విచ్చుకోవడానికి తిండి
- నిమ్మరసం 1 చెంచా, వడకట్టినది: పుల్లని నీళ్లు కాడలో తేలిగ్గా ఎక్కుతాయి
- బ్లీచ్ ద్రవం 1 మి.లీ. (సుమారు ఇరవై చుక్కలు): బ్యాక్టీరియాకు అడ్డు

ముందు లీటరు నీళ్లు పోసి, ఒక్కొక్కటే అందులో కలపండి. బ్లీచ్‌ను, నిమ్మరసాన్ని నీళ్లు లేకుండా నేరుగా కలిపితే విషవాయువు వస్తుంది. ఇది తప్పనిసరిగా గుర్తుంచుకోండి.

చాలా ఇళ్లలో చేసే పొరపాటు పంచదార ఒక్కటే వేయడం. అప్పుడు పువ్వు కంటే ముందు బ్యాక్టీరియా తింటుంది, నీళ్లు మర్నాటికి తెల్లగా మసకేస్తాయి. బ్లీచ్ లేకపోతే పంచదార కూడా వద్దు, సాదా నీళ్లు రోజూ మార్చండి చాలు. రాగి నాణెం, ఆస్పిరిన్ మాత్ర మీద నమ్మకం పెట్టుకోకండి, వాటితో నీళ్లు మార్చే పని తప్పదు.

నీళ్ల సంగతి మన దగ్గర ప్రత్యేకంగా చూడాలి. నల్లగొండ, ప్రకాశం జిల్లాల్లో కొన్నిచోట్ల బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. గ్లాడియోలస్, జెర్బెరా ఫ్లోరైడ్‌కు తట్టుకోలేవు, రేకు అంచులు కాలినట్టు గోధుమరంగు తిరుగుతాయి. అలాంటి ఊళ్లలో ఆర్వో నీళ్లో, పట్టి ఉంచిన వాన నీళ్లో వాడండి. అపార్టుమెంట్లలో సాఫ్టెనర్ (నీటి కాఠిన్యం తగ్గించే యంత్రం) గుండా వచ్చే నీళ్లలో సోడియం ఎక్కువ, అవి గులాబీకి, కార్నేషన్‌కు పడవు. అక్కడా ఆర్వో నీళ్లే మేలు.

ఆకుపచ్చ స్పాంజి ఇటుక వాడేవాళ్లకు ఒక మాట. దాన్ని నీళ్లపై వదిలి తనంతట తాను మునగనివ్వండి. చేత్తో అదిమితే లోపల పొడి గూడు మిగులుతుంది, ఆ గూట్లో గుచ్చిన పువ్వు సాయంత్రానికే వాడుతుంది. ఒకసారి గుచ్చిన చోట నుంచి కాడ పైకి లాగితే కింద గాలి సందు ఏర్పడుతుంది. తీసి వేరేచోట గుచ్చండి. ఆరిన స్పాంజి మళ్లీ సరిగా తడవదు. పైగా అది ప్లాస్టిక్ జాతిదే, మట్టిలో కలవదు. వీలైతే వాజ్‌లో కోళ్లగూటి జాలీ ముద్దగా చుట్టి పెట్టి దానిలో కాడలు నిలబెట్టండి.

7. ఒక్కో పువ్వుకు ఒక్కో తీరు

గులాబీకి లోతైన నీళ్లు. వాజ్‌లో మూడింట రెండొంతులు నింపండి. రోజు విడిచి రోజు ఒక సెంటీమీటరు చివర కోయండి.

జెర్బెరాకు లోతు తక్కువ నీళ్లు. కాడ మీద సన్నని నూగు ఉంటుంది, ఎంత లోతు ముంచితే అంత కుళ్లుతుంది. ఐదు నుంచి ఏడు సెంటీమీటర్ల నీళ్లు చాలు, కానీ త్వరగా అయిపోతాయి కాబట్టి పొద్దున, సాయంత్రం చూడాలి. దీని నీళ్లలో పంచదార వేయకండి, బ్లీచ్ మాత్రం తప్పదు. కొన్న రోజు మెడ నిలబెట్టడానికి ఒక అట్టకు రంధ్రాలు చేసి బకెట్ మూతిపై పెట్టండి. ఒక్కో రంధ్రంలోంచి కాడను కిందికి వదిలితే పువ్వు అట్టమీద ఆనుకుంటుంది, కాడ నిటారుగా వేలాడుతూ నీళ్లు తాగుతుంది. రెండు మూడు గంటల తర్వాత తీస్తే కాడ కడ్డీలా ఉంటుంది.

లిల్లీ కాడ కింది నుంచి పైకి విచ్చుకుంటుంది. వాడిన కింది పువ్వును రోజూ గిల్లేయండి, పై మొగ్గలకు బలం వెళ్తుంది. కొనన ఉన్న మరీ చిన్న మొగ్గలు ఎలాగూ విచ్చుకోవు, నాలుగైదు తుంచేయండి. గ్లాడియోలస్‌కూ ఇదే పద్ధతి.

చామంతి కాడ అడుగు కట్టెలా ముదిరి ఉంటే నీళ్లు ఎక్కవు. పది సెంటీమీటర్ల పైన, లేత ఆకుపచ్చ మొదలైన చోట కోయండి. సుత్తితో చితక్కొట్టే అలవాటు ఉంది కొందరికి, అది నాళాలను పాడుచేయడమే.

బంతి ఆకుల వల్లే నీళ్లు కంపు కొడతాయి. పువ్వు కింద ఒకటి రెండు ఆకులు తప్ప అన్నీ తీసి, నీళ్లు రోజూ మార్చండి.

కార్నేషన్ కాడకు కణుపులుంటాయి. కణుపు మీద కాకుండా రెండు కణుపుల మధ్య కోస్తేనే నీళ్లు బాగా ఎక్కుతాయి.

లిలియం విచ్చుకోగానే మధ్యలో గోధుమరంగు పుప్పొడి తిత్తులను టిష్యూతో తీసేయండి. బట్టలకు అంటితే మరక పోదు. ఇంట్లో పిల్లి ఉంటే ఈ పువ్వు అసలు తేవద్దు. పుప్పొడి నాకినా పిల్లి కిడ్నీలు దెబ్బతింటాయి.

తామర రేకులు ఎండితే చిరుగుతాయి. మడిచే ముందు మొగ్గను ఐదు నిమిషాలు నీళ్లలో ముంచండి. బయటి పచ్చ రేకులు తీసి, ఒక్కో రేకును సగానికి లోపలికి మడిచి దాని మొదలు దగ్గర దోపండి, బయటి వరుస నుంచి లోపలికి వెళ్లండి. పూజ అయ్యేదాకా తలపై తడిగుడ్డ కప్పి, కాడ లోతైన నీళ్లలో ఉంచండి.

గునుగు, తంగేడు ఒకేలా చూడకండి. గునుగు ఎండినా ఆకారం పోదు, ముందే కోసి కట్టలు కట్టి రంగు అద్దుకోవచ్చు. తంగేడు కోసిన పూటే వడలిపోతుంది. బతుకమ్మ పేర్చే రోజు పొద్దున కోసి, కాడలు నీళ్లలో ఉంచి నీడన పెట్టండి.

8. విడిపూలు, దండలు

మల్లె మొగ్గ సాయంత్రానికి విచ్చుకుంటుంది. రేపటికి ఉంచాలంటే విచ్చుకోని మొగ్గలే ఏరి, నీళ్లు చల్లకుండా, పొడి నూలు గుడ్డ పరచిన డబ్బాలో పలచగా పోయండి. పైన ఇంకో గుడ్డ కప్పి, మూత బిగించి ఫ్రిజ్ కింది అరలో పెట్టండి. తడి మల్లెలు ఫ్రిజ్‌లో గోధుమరంగు తిరుగుతాయి.

మూత బిగించడానికి ఇంకో కారణం ఉంది. పండే అరటి, మామిడి, ఆపిల్, టమాటా నుంచి ఇథిలీన్ అనే వాయువు వస్తుంది. పళ్లను పండించే ఆ వాయువే పూలను ముసలి చేస్తుంది. ఫ్రిజ్‌లో పళ్ల అర పక్కన తెరిచి పెట్టిన పూలు త్వరగా రేకులు రాలుస్తాయి. కార్నేషన్, ఆర్కిడ్‌కు దీని దెబ్బ మరీ ఎక్కువ.

ఆంథూరియం, ఆర్కిడ్ అసలు ఫ్రిజ్‌లో పెట్టవద్దు. వేడి దేశపు పూలు, చలికి నల్లబడతాయి.

బంతి తోరణం గుచ్చేటప్పుడు సూది రేకుల మధ్యలోంచి కాకుండా అడుగు గిన్నెలోంచి పోనివ్వండి. రేకుల్లో గుచ్చిన పువ్వు రెండో రోజుకే విడిపోయి రాలుతుంది. దండకు అరటినార వాడితే ముందుగా నానబెట్టండి. పొడినార కాడను కోసేస్తుంది. కట్టిన దండను వెదురు బుట్టలో అరటాకు పరచి, తడిపి బాగా పిండిన గుడ్డ కప్పి ఉంచండి. పాలిథిన్ కవర్‌లో ముడివేస్తే ఉడుకెత్తుతుంది.

9. ఎక్కడ పెట్టాలి, ఏం చూడాలి

ఫ్యాన్ కింద, ఏసీ గాలి నేరుగా తగిలే చోట, టీవీ పక్కన, కిటికీ ఎండలో, పళ్లబుట్ట దగ్గర పెట్టవద్దు. రాత్రి ఇంట్లో అన్నిటికంటే చల్లగా ఉండే గదికి మార్చితే ఒకటి రెండు రోజులు అదనంగా వస్తాయి. దుకాణాల్లో పూలు నిలవడానికి అసలు కారణం చల్లదనమే.

రోజూ పొద్దున:
- నీళ్ల మట్టం చూడండి, తగ్గితే పోయండి
- వాడిన పువ్వు, రాలిన రేకు తీసేయండి

రెండు రోజులకోసారి:
- నీళ్లు పూర్తిగా పారబోసి, వాజ్ కడిగి, కొత్త మిశ్రమం పోయండి
- కాడ చివర కడిగి ఒక సెంటీమీటరు కోయండి

10. తేడా వచ్చినప్పుడు

*గులాబీ మెడ వాలింది.* కాడ చివర ఐదు సెంటీమీటర్లు కోసేయండి. పువ్వును నిటారుగా పట్టుకుని దినపత్రికలో మెడ పై దాకా బిగువుగా చుట్టండి. సుమారు 40 డిగ్రీల నీళ్లలో, అంటే స్నానానికి సరిపడే వేడిలో, మెడ దగ్గరి దాకా గంట నుంచి రెండు గంటలు నిలబెట్టండి. కాగితం విప్పేసరికి మెడ గట్టిపడుతుంది. ఒక్క రోజు వాలినదైతే చాలాసార్లు లేస్తుంది, మూడు రోజులు వాలి ఎండినది లేవదు. అప్పుడు మెడ కింద కోసి, వెడల్పు గిన్నెలో నీళ్లపై తేలేయండి.

*మొగ్గ విచ్చుకోవడం లేదు.* పచ్చిగా కోశారు, లేదా తిండి చాలలేదు. పంచదార మిశ్రమం పోసి, కాస్త వెలుతురు గదిలో పెట్టి ఒక రోజు చూడండి.

*నీళ్లు మసకబారాయి, వాసన వస్తోంది.* మునిగిన ఆకు ఎక్కడో ఉంది. అన్నీ తీసి, వాజ్ బ్లీచ్‌తో కడిగి, కాడలు కోసి మళ్లీ మొదలుపెట్టండి. పైన నీళ్లు నింపితే సరిపోదు.

*రేకులపై బూడిదరంగు మచ్చలు, మెత్తదనం.* బూజు తెగులు, తడి వల్ల వచ్చింది. సోకిన పువ్వు తీసేయండి, మిగతావాటి తలలపై నీళ్లు చల్లడం మానండి.

*రేకు అంచులు కాలినట్టున్నాయి.* నీళ్లలో ఫ్లోరైడో, బ్లీచ్ కొలత మించడమో. ముందు నీళ్లు మార్చి చూడండి.

11. పూచే కుండీ మొక్క కొంటే

కోసిన పువ్వు వద్దనుకునేవాళ్లు చలికాలంలో చామంతి, డాలియా, పెటునియా కుండీలు కొంటారు. కడియం నర్సరీల నుంచి వచ్చిన మొక్క అయినా, వీధి బండి మీద కొన్నదైనా ఇవి చూడండి:

- పూలకంటే మొగ్గలు ఎక్కువ ఉండాలి
- ఆకు వెనక, కొమ్మ సందుల్లో తెల్లటి దూది లాంటిది ఉంటే పిండినల్లి, వదిలేయండి
- కవర్ అడుగున రంధ్రాల్లోంచి వేళ్లు గుత్తిగా బయటికొస్తే మొక్క చాలాకాలంగా ఇరుకులో ఉంది
- మొదలు పట్టి కదిపితే ఊగకూడదు. ఊగితే నిన్నమొన్న తవ్వి కవర్లో పెట్టారు

తేగానే పెద్ద కుండీలోకి మార్చకండి. వారం, పది రోజులు నీడ తగిలే చోట మీ ఇంటి గాలికి అలవాటు పడనివ్వండి. పూత మీదున్న మొక్కనైతే పూలయ్యాకే మార్చండి, లేకపోతే మొగ్గలు రాల్చేస్తుంది.

మట్టి మిశ్రమం: ఎర్రమట్టి రెండు పాళ్లు, బాగా మాగిన పశువుల ఎరువు ఒక పాలు, కోకోపీట్ (కొబ్బరి పొట్టు) లేదా ఇసుక ఒక పాలు. నర్సరీ మొక్కల వేళ్ల చుట్టూ కొన్నిసార్లు జిగురుమట్టి ముద్ద ఉంటుంది. మీ కుండీలో గుల్లమట్టి ఉంటే, నీళ్లు పక్కల నుంచి జారిపోయి ముద్ద లోపల పొడిగానే మిగులుతుంది. పైన తడిగా ఉన్నా మొక్క వాడిందంటే కారణం ఇదే. ముద్దను బకెట్ నీళ్లలో నానబెట్టి, అంచుల్లో మట్టిని వేళ్లతో మెల్లగా వదులు చేసి నాటండి.

నీళ్లు రోజూ ఇంత అని పోయకండి. వేలు ఒక అంగుళం గుచ్చి, పొడిగా తగిలితే అడుగు రంధ్రంలోంచి కారేదాకా పోయండి. కింద పళ్లెంలో నిలిచినవి పారబోయండి. పువ్వు మీద కాదు, మొక్క మొదలు దగ్గర పోయాలి.

పేనుబంక, పిండినల్లి కనబడితే లీటరు నీళ్లకు 5 మి.లీ. వేపనూనె, కొన్ని చుక్కల గిన్నెల సబ్బు కలిపి సాయంత్రం ఆకు వెనకకు తగిలేలా చల్లండి. వారానికోసారి, మూడు వారాలు. ఎండలో చల్లితే ఆకు మాడుతుంది.

చామంతి పూలయ్యాక కుండీ పారేయకండి. కాడలు మట్టికి పది, పదిహేను సెంటీమీటర్ల ఎత్తులో కోసి, సగం నీడలో ఉంచితే మొక్క మొదలు దగ్గర పిలకలు వస్తాయి. వేసవంతా తడి ఆరకుండా కాపాడండి. జూన్, జులైలో ఆ పిలకలను వేర్లతో సహా విడదీసి వేరు కుండీల్లో నాటండి. ఆరేడు ఆకులు రాగానే కొన గిల్లండి, పక్క కొమ్మలు వచ్చాక వాటి కొనలు కూడా ఒకసారి. ఆగస్టు దాటాక గిల్లడం ఆపండి, మొగ్గ పోతుంది. ఇక కుండీని వీధి దీపం, వరండా లైటు పడని చోటికి మార్చండి. రాత్రి పొడుగైతేనే చామంతి మొగ్గ తొడుగుతుంది. రైతులు పూత వెనక్కి జరపాలంటే తోటలో రాత్రి బల్బులు వెలిగిస్తారు, మీ వరండా లైటు కూడా తెలియకుండా అదే పని చేస్తుంది.